మంచం మీదున్న మనిషి నీకేమవుతారు?

గిన్నె బోర్లా పడింది. గోరువెచ్చటి నీళ్ళు సగం దుప్పటి మీద, సగం పాప ఒళ్ళో.

"చెయ్యి తియ్యి" అంది తల్లి.

"ఒక్క నిమిషం అమ్మా. వీపొక్కటీ తుడిచేసి..."

"తియ్యమన్నాను."

కుడిపక్క పడిపోయిన మనిషి. ఆ చెయ్యీ ఆ కాలూ ఆమె మాట వినడం మానేసి చాలా రోజులైంది. ఉన్న ఒక్క ఎడమచేత్తోనే గిన్నెను అంత దూరం నెట్టింది. మొండితనానికి రెండు చేతులు అక్కర్లేదని ఆ ఇంట్లో అందరికీ ఎప్పుడో తెలుసు.

పాప లేచి నిలబడింది. యాభై దాటినా ఇంట్లో ఆమె పాపే. వీధి చివర బస్సెక్కి యూనివర్సిటీ గేటు దగ్గర దిగితే మాత్రం నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్. అక్కడ ఆమె గొంతు వినబడితే వరండాలో చెప్పుల చప్పుడు కూడా తగ్గుతుంది. ఇక్కడ తడిసిన బట్టలు పిండుకుంటూ, తిట్లు తిన్న పిల్లలా నిలబడింది.

"నిన్న పొద్దున్నుంచి నిన్ను పక్కకి తిప్పినవాళ్ళు లేరు. నడుం కింద ఎర్రబడే ఉంటుంది. రేపటికి తోలు లేస్తుంది. పడకపుండు పడితే ఏమవుతుందో నాకు నేర్పిందే నువ్వు."

"ఇంకోటి కూడా నేర్పాను. అది మర్చిపోయావేం?"

పాప మర్చిపోలేదు. వచ్చిన చిక్కంతా అదే.

రోజూ వచ్చి చూసే నర్సమ్మ నిన్న మెట్ల మీద జారి నడుం పట్టేసి ఇంట్లో పడుకుంది. రేపు సాయంత్రానికి గానీ ఇంకో మనిషి దొరకదని ఏజెన్సీవాళ్ళు చెప్పారు. నర్సు లేని ఇల్లా అంటే, కాదు. దేశంలోని సగం ఆసుపత్రులకు నర్సుల్ని పంపిన ఇద్దరు ఆ గదిలోనే ఉన్నారు. ఒకరు మంచం మీద, ఒకరు మంచం పక్కన. అయినా చెయ్యి వెయ్యడానికి లేదు.

వదిన నేల తుడిచే గుడ్డ పట్టుకుని వచ్చింది. అత్తగారి మొహం, ఆడబిడ్డ మొహం చూసి ఏం జరిగిందో గ్రహించింది.

"పోనీ అత్తయ్యా, నేను తుడవనా? పాప పక్కనుండి చెప్తుంది, నేను చేస్తాను."

"నువ్వు కూడా సొంత మనిషివే. వద్దు."

వదిన ఒక్క క్షణం గుడ్డతో అలాగే ఆగిపోయింది.

"ఇన్నేళ్ళ కాపురంలో నన్ను సొంత మనిషన్నది ఇదే మొదటిసారి" అంది నేల మీదికి వంగుతూ. "అదీ ముట్టుకోవద్దని చెప్పడానికి."

ఎవరూ నవ్వలేదు. వదిన కూడా నవ్వించడానికి అనలేదు.

"పోనీ మా కాలేజీ నుంచి నాలుగో సంవత్సరం అమ్మాయిని ఒకర్ని రమ్మంటాను" అంది పాప.

మంచం మీది కళ్ళు ఒక్కసారి పదునెక్కాయి.

"చదువుకోవడానికి వచ్చిన పిల్లని ప్రిన్సిపాల్ ఇంటి చాకిరీకి పిలుస్తావా? ఆ రోజుల్లో డాక్టర్ల పెళ్ళాలు మా పిల్లల చేత పసివాళ్ళ గుడ్డలు ఉతికించుకునేవాళ్ళు. ఆ పని మాన్పించడానికి నేను ఎన్ని గుమ్మాలెక్కానో తెలుసా నీకు? ఇప్పుడు నా పక్క గుడ్డలు మార్చడానికి పిల్లని తెస్తావా?"

అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. పాప మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. తల్లి తలతిప్పేసుకుంది. గ్లాసు వదిన చేతికి ఇచ్చి, పాప గదిలోంచి బయటికి వచ్చేసింది.

*

వంటింట్లో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం మధ్యాహ్నం మూసి భోజనానికి వచ్చాడు గానీ, భోజనం మాట ఎవరూ ఎత్తలేదు. వదిన టీ పోసిచ్చి తలుపుకి జారబడింది.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అలా ఉందండీ ఈవిడ వ్యవహారం" అంది. "కూతురు వద్దు, కోడలు వద్దు, కాలేజీ పిల్ల వద్దు. పుట్టిన బుద్ధి పుడకలతో..." అని, ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉందని గుర్తొచ్చి నాలుక్కరుచుకుంది.

"అది మొండితనం కాదు వదినా, మా బడి పద్ధతి" అంది పాప.

ఆ పద్ధతి పాపకు కంఠతా వచ్చు. యూనివర్సిటీ నర్సింగ్ కాలేజీ ఇవాళ మూడంతస్తుల మేడ. మొదలైనప్పుడు ఆసుపత్రి చాకలిగది వెనక రెండు గదులు. ఒక టీచరమ్మ, ఆరుగురు ఆడపిల్లలు. ఆ పిల్లల్ని కన్నవాళ్ళలో ముగ్గురు, అది పరాయివాళ్ళ మలమూత్రాలెత్తే బడి అని, కూతుళ్ళతో మాటలు మానేశారు. నేర్చుకోవడానికి బొమ్మ కూడా ఉండేది కాదు. అందుకని ఆ టీచరమ్మే మంచం మీద పడుకునేది. ఒక్కొక్క పిల్ల వచ్చి ఆమెకు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, పని నేర్చుకునేది. ఆ టీచరమ్మే ఇప్పుడు ముందుగదిలో మంచం మీదున్న మనిషి.

మూడో ఏడాది చదివే పిల్లల్లో ఒక అమ్మాయి డ్యూటీ చేస్తున్న వార్డులోకే ఆమె తండ్రిని తెచ్చి పడుకోబెట్టారు. కడుపులో గడ్డ. నొప్పి ఓర్చుకోలేక కూతుర్ని బతిమాలాడు. అప్పటికే ఇచ్చిన మత్తుసూది పని చెయ్యకముందే ఆ పిల్ల ఇంకోటి ఇచ్చింది. పరాయి మనిషైతే వేళ చూసేది, చీటీ చూసేది. తండ్రి కాబట్టి ఆయన మొహం చూసింది. ఆయన మళ్ళీ లేవలేదు. ఆ పిల్లని బడి నుంచి ఇంటికి పంపించేశారు.

అప్పుడు పుట్టింది ఆ పద్ధతి. సొంత మనిషి వార్డులో చేరితే నర్సు ఇంకో వార్డుకి వెళ్ళిపోవాలి. ఆ మనిషి మీద చెయ్యి వెయ్యకూడదు. ఇది ఊరికే చెప్తే పిల్లలు మర్చిపోతారని, మంచం దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనీ టీచరమ్మ ముందు ఒక ప్రశ్న అడిగేది. "మంచం మీదున్న మనిషి నీకేమవుతారు?" "ఏమీ కారు, టీచర్" అన్నాకే చెయ్యి వెయ్యాలి. ఇన్నేళ్ళయినా ఆ కాలేజీలో ఆ ప్రశ్న పోలేదు. పాప కూడా అదే అడుగుతుంది, వాళ్ళూ అదే చెబుతారు.

"పుస్తకంలో రాస్తున్నావట కదా ఈ పద్ధతి గురించి?" అన్నాడు అన్నయ్య, గ్లాసులోకి చూస్తూ.

కాలేజీ చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు. యూనివర్సిటీవాళ్ళు తమ చేతికి వచ్చిన రోజు నుంచే చరిత్ర మొదలు పెట్టమన్నారు. దానికి ముందున్న చాకలిగది కాలం మొత్తం ఒక్క వాక్యంలో తేల్చెయ్యమన్నారు. డిగ్రీ లేదన్న వంక పెట్టి, బడి యూనివర్సిటీలో కలిసిన రోజే వాళ్ళు టీచరమ్మను కుర్చీలోంచి లేపేశారు. పాప నెల రోజులుగా ఆ ఒక్క వాక్యం మీద వాళ్ళతో పోట్లాడుతోంది.

"రాస్తున్నాను. అదే మొదటి అధ్యాయం. అమ్మ పెట్టిన పద్ధతని గొప్పగా రాస్తాను."

"అయితే నాన్న సంగతి కూడా రాయి."

"నాన్న సంగతేంటి?"

అన్నయ్య వదిన వైపు చూశాడు. వదిన తల దించుకుంది. ఆమెకు తెలుసన్నమాట.

"ఏంటన్నయ్యా? నాన్న ఆసుపత్రిలో పోయారు. అప్పుడు నేను బాగా చిన్నదాన్ని. అంతేగా?"

"ఆసుపత్రిలో పోయారు. ఏ ఆసుపత్రిలో?"

ఆ చాకలిగది ఉన్న ఆసుపత్రేనని పాపకు అప్పుడు తట్టింది.

"నేను నాన్న మంచం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. నన్ను పిన్ని తీసుకొచ్చింది. నాన్న, అమ్మ ఏదిరా అని అడిగారు. వస్తుంది నాన్నా అన్నాను. మళ్ళీ అడిగారు. వస్తుంది అన్నాను. అమ్మ ఎక్కడుందో తెలుసా? ఆ కిటికీలోంచి చూస్తే కనబడే ఆ రెండు గదుల్లో, పిల్లలకి పక్క గుడ్డ ముడతల్లేకుండా ఎలా పరవాలో చెప్తోంది. నాకు ఆమె గొంతు కూడా వినిపించింది. నాన్నకి ఆఖరి గుక్క నీళ్ళు పోసింది ఎవరో ఇంకో నర్సు. ఆవిడ పేరు కూడా నాకు తెలీదు."

"అన్నయ్యా..."

"ఊళ్ళోవాళ్ళందరికీ చూపు సరిచేస్తాను గానీ, ఆ రోజు చూసింది ఇవాళ్టికీ నా కళ్ళలోంచి పోలేదు. నువ్వు పిల్లల చేత ఏమీ కారు, ఏమీ కారు అని వల్లె వేయిస్తున్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. గొప్ప పద్ధతి! రాయి. మొగుణ్ణి కూడా ముట్టుకోలేదని రాయి."

గ్లాసు కింద పెట్టేశాడు. టీ అలాగే ఉంది.

"మీరు ఆపండి ఇంక" అంది వదిన మెల్లగా. "ఆవిడ వింటారు."

"వినే ఉంటుంది" అన్నాడు అన్నయ్య. "ఈ గోడలేమంత మందం?"

*

విన్నది. పాప గదిలోకి వెళ్ళేసరికి తల్లి కళ్ళు తెరుచుకుని పైకప్పు వైపు చూస్తోంది.

పాప కుర్చీ దగ్గరికి లాక్కోలేదు. గుమ్మం పక్కనే నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను?"

"నాన్న నిన్ను అడిగారట."

"తెలుసు. ఆ నర్సు చెప్పింది. పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది."

"మరి వెళ్ళొచ్చుగా అమ్మా! చెయ్యి వెయ్యకూడదు, సరే. నర్సుగా వెళ్ళకపోతే పోయావు, భార్యగా వెళ్ళి పక్కన నిలబడొచ్చుగా? ఎవరొద్దన్నారు?"

కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఇద్దరూ దాన్నే విన్నారు.

"వెళ్తే నిలబడి ఊరుకోగలనా?" అంది తల్లి చివరికి. "ఆయన నాడి చూడకుండా ఉండగలనా? సూది నేనే ఇస్తాననకుండా ఉండగలనా? నన్ను నేను నమ్మలేదే. అంతకు ముందు సంవత్సరమే ఒక పిల్లని ఆ తప్పుకి ఇంటికి పంపించాను. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల. అది గుమ్మం దాటుతూ నా వైపు చూసిన చూపుంది చూశావూ... దాన్ని పంపించేసి, నా మొగుడి దగ్గరికొచ్చేసరికి పద్ధతి లేదంటే, మిగతా పిల్లలకి నా మొహం ఎలా చూపించను?"

"తప్పయిపోయిందని నీకెప్పుడూ అనిపించలేదా?"

"అనిపించని రోజు లేదు."

అంత తేలిగ్గా అనేస్తుందని పాప అనుకోలేదు. పోట్లాడడానికి వచ్చిన మనిషికి పోట్లాట లేకుండా పోయింది.

"అయితే ఇప్పుడైనా విడిచిపెట్టు. నేను నర్సుగా చెయ్యనులే. కూతురిగా చేస్తాను. నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా. ఒళ్ళు తుడవనియ్యి."

తల్లి ఎడమచెయ్యి దుప్పటి అంచుని వెతుక్కుని గట్టిగా పట్టుకుంది.

"ఇవాళ నీ చేత చేయించుకుంటే ఆ రోజు నేను చేసిందానికి అర్థమేమిటే? హాయిగా కూతురి చేత నీళ్ళు పోయించుకుని నేను పోతే, ఆయనకి నేనేం సమాధానం చెప్పుకోను? పద్ధతి నీకొకటీ, నాకొకటీనా అని ఆయన అడిగితే?"

పాపకు ఏడుపు వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే తల్లి ఓదార్చదు, తను ముట్టుకోవడానికి లేదు. ఇద్దరూ ఎవరి ఏడుపు వాళ్ళు మింగుకుని ఊరుకున్నారు.

*

మర్నాడు తెల్లవారేసరికి తల్లి ఒళ్ళు పేలిపోతోంది.

డాక్టరు వచ్చి చూశాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఈ వయసులో చేసేది పెద్దగా ఏమీ ఉండదని గొంతు తగ్గించి చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, "మీరే ఉన్నారుగా మేడమ్, నాకు బెంగలేదు" అన్నాడు పాపతో. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మధ్యాహ్నానికి తల్లి మాట తడబడడం మొదలైంది. వదినను ఎవరో పాత వార్డు ఆయా అనుకుని, దుప్పట్లు లెక్కపెట్టావా అని అడిగింది. వదిన కళ్ళు తుడుచుకుని, పెట్టానమ్మా, అన్నీ సరిపోయాయి అంది.

పాప తలుపు దగ్గర నిలబడి ఉంది. తల్లి అటు చూసింది.

"ఏం పిల్లా, అక్కడే నిలబడ్డావు? ఎవరికోసం చూస్తున్నావు? నీ వంతే. రా."

పాపకు మొదట అర్థం కాలేదు.

"గిన్నె ఏది? తువ్వాలు ఏవి? వట్టి చేతుల్తో వచ్చి రోగికి దండం పెడతావా?" అని చిరాకు పడింది. తర్వాత గొంతు తగ్గించి, భయపడుతున్న పిల్లతో మాట్లాడినట్టు, "బొమ్మ కొనడానికి డబ్బు మంజూరు కాలేదమ్మా. అందుకే నేను పడుకున్నాను. నీకు చేతనైనట్టు చెయ్యి. తప్పయితే నేను చెప్తాను" అంది.

పాప వెళ్ళి నీళ్ళు తెచ్చింది. మోచెయ్యి ముంచి వేడి చూసింది. ప్రిన్సిపాల్ అయ్యాక ఇలా నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో.

మందులు పట్టుకుని అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"తలుపు దగ్గర ఎవరది? ఆడపిల్లలకి క్లాసు జరుగుతుంటే?" అంది తల్లి.

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె చేతిలో గిన్నె చూశాడు. నిన్న వంటింట్లో అన్న మాటలన్నీ అతని మొహంలో ఒకసారి కదిలి పోయాయి.

"ఎవరూ లేరు టీచర్" అని, తనే తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు.

పాప గిన్నె స్టూలు మీద పెట్టింది. తువ్వాలు పరిచింది. చెయ్యి ముందుకు చాచింది.

"ఆగు" అంది తల్లి. "అడగకుండానే మొదలు పెడతావేం? చెప్పు. మంచం మీదున్న మనిషి నీకేమవుతారు?"

వేలమంది పిల్లల్ని అడిగిన ప్రశ్న. వాళ్ళు గడగడా అప్పజెప్పిన జవాబు. పాప చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమీ కారు, టీచర్."

"సరే. కానియ్యి."

మొదట కళ్ళు. ముక్కు వైపు నుంచి బయటికి, సబ్బు లేకుండా. తర్వాత నుదురు, బుగ్గలు, మెడ. పాప తన తల్లి మొహాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కనుబొమ మధ్యలో చిన్న గాటు ఉంది. అది ఎప్పటిదో, ఎలా అయిందో తనకు తెలీదు.

చేతులు. ఒకటి తుడిచి కప్పాకే ఇంకోటి తియ్యాలి. చచ్చుపడిన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మధ్యలో తుడిచి, ఆరబెట్టింది.

"బాగా చేస్తున్నావు" అంది తల్లి కళ్ళు మూసుకునే. "ఎవరు నేర్పారు?"

"మీరే, టీచర్."

తల్లి నోట మెచ్చుకోలు విన్నది పాపకు గుర్తులేదు. డిగ్రీ తెచ్చుకున్న రోజున లేదు. తల్లిని లేపేసిన కుర్చీలో తను కూర్చున్న రోజున అసలు లేదు. ఇవాళ వచ్చింది. వచ్చింది కూడా ఎవరో పిల్లకి.

ఇంక వీపు. పాప తల్లి భుజం కిందా, తుంటి కిందా చేతులు పెట్టి, గోడ వైపుకి మెల్లగా తిప్పింది. ఎంత తేలిక! ఒక చేత్తో ఆమెను పడిపోకుండా ఆనించి పట్టుకుంది. నడుం కింద ఎర్రగా ఉంది. వేలితో నొక్కి చూసింది. నొక్కిన చోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది. ఇంకా పుండు పడలేదు. ఇంకో రోజు ఆగితే పడేది.

ఆ ఎర్రటి మచ్చ చూసేసరికి ఆమె వల్ల కాలేదు. నిన్నటి నుంచీ మింగుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. చప్పుడు రాకుండా పెదవి కొరుక్కుంది గానీ, కళ్ళని ఏం చేస్తుంది? తల్లి వీపు మీద చుక్క పడింది. ఇంకోటి పడింది.

తల్లి కదల్లేదు. గోడ వైపే తిరిగి ఉంది.

"ఏమీ కాని మనిషి కోసం ఏడుస్తారా ఎవరైనా?" అంది.

ఆ గొంతులో తడబాటు లేదు. జ్వరం మాటలా, తెలిసి అన్న మాటలా? మొహం చూస్తే తెలిసిపోతుంది. చూడాలంటే మంచం చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాలి. వెళ్ళాలంటే పట్టుకున్న చెయ్యి వదలాలి. వదిలితే తల్లి వెల్లకిలా పడిపోతుంది.

"మళ్ళీ అడుగుతున్నాను. చెప్పు" అంది తల్లి, గోడతోనే. "నేను నీకేమవుతాను?"

స్టూలు మీద గిన్నెలో నీళ్ళు చల్లారిపోతున్నాయి. వీపు ఇంకా తుడవలేదు. జవాబు చెప్పకుండా చెయ్యి కదపడానికి ఆ బడి పద్ధతి ఒప్పుకోదు.